ఫోనుకు కట్టిన చేప

మా కుటుంబం గ్రూపులో నూట పద్దెనిమిది మంది ఉన్నారు. ఆక్లండ్‌లో సగం మంది, బ్రిస్బేన్‌లో పాతిక ముప్ఫై, మిగతావాళ్ళు సిడ్నీలోనూ ఆపియాలోనూ. సవాయీ దీవిలో, సొంత ఊళ్ళో, వంశం పుట్టిన నేల మీద మిగిలింది ఆరుగురం. ఆ ఆరుగురిలో పగలని ఫోను ఉన్నది నా ఒక్కదానికే. నాకు పట్టిన శని అదే.

గ్రూపు పెట్టింది మా మేనత్త నావూపు. ఆక్లండ్‌లో ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి గదులు తుడిచి, ఇప్పుడు పని మానేసి ఇంట్లో ఉంటోంది. మా నాన్నకు అక్క. మా దగ్గర తండ్రి తోబుట్టువు మాటకు ఎదురు లేదు. ఆవిడ దీవిస్తే కడుపు పండుతుందంటారు. నొచ్చుకుంటే ఏమవుతుందో ఇంతవరకు ఎవరూ పరీక్షించి చూడలేదు.

డిసెంబరు రెండో శనివారం మా మౌగా బాబాయ్‌కి వంశపెద్ద బిరుదు ఇవ్వాలని పెద్దలు నిర్ణయించారు. నాన్న పోయినప్పటి నుంచి ఆ బిరుదు ఖాళీగానే ఉంది. బిరుదు ఇచ్చే రోజు ఊరందరి ముందు ఎత్తి చూపడానికి మేలిచాప ఒకటి కావాలి. కూర్చునే చాప కాదు, పడుకునే చాప కాదు. గుడ్డలా మడతపడేంత సన్నంగా, నెలల తరబడి నేయాల్సిన చాప. అది లేకుండా బిరుదు తీసుకుంటే ఊళ్ళో మూడు తరాలు చెప్పుకుని నవ్వుతారు.

నేత నాది. ఆకు మా అమ్మది. తను పోయే ముందు ఏడాది అమ్మ మొగలాకు కోసి, ముళ్ళు గీకి, పొర విడదీసి, సముద్రపు నీళ్ళలో నానేసి, ఎండలో తెల్లబరిచి, సన్నటి చీలికలు తీసి, చుట్టలు చుట్టి వాసానికి వేలాడగట్టింది. పదకొండు చుట్టలు. వాటితో నేయడం మొదలుపెట్టకుండానే పోయింది. మొగలాకు ఎక్కడైనా దొరుకుతుంది, అమ్మ చేతి ఆకు ఇక దొరకదు. ఆ పదకొండు చుట్టల్లోనే చాప పూర్తి కావాలని నేను పంతం పట్టాను. ఒక్క చీలిక బయటి నుంచి తెచ్చినా అది అమ్మ చాప కాదు.

మొగలాకు నేయడానికి పొద్దున పూటే మంచిది. గాలిలో తేమ ఉంటుంది, చీలిక వేలికి లొంగుతుంది. ఎండెక్కితే పెళుసెక్కి పటుక్కున విరుగుతుంది. అందుకే తెల్లవారగానే ఆడవాళ్ళ సంఘం నేత ఇంటికి వెళ్ళి, ఊళ్ళో నేసే మిగతా ఆడవాళ్ళతో పాటు నా చోట నేను కూర్చునేదాన్ని. సరిగ్గా ఆ వేళకే ఆక్లండ్ నిద్ర లేచేది.

"తెలే, చుక్క వెలుగుతోంది. లేచావన్నమాట. చాప ఎంతవరకు వచ్చింది? ఫొటో పెట్టు."

ఆ చుక్క గురించి చెప్పాలి. ఫోను తెరిచి ఉంటే పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది కదా, అది మా అత్తకు వాకిట్లో నిలబడి లోపలికి తొంగిచూడటానికి కిటికీ. చుక్క వెలుగుతుంటే నేను ఖాళీగా ఉన్నట్టు. మెసేజ్ చూసినట్టు గుర్తు పడితే వెంటనే జవాబివ్వాలి. పెద్ద రాతేం అక్కర్లేదు, ఎర్ర గుండె ఒకటి చాలు. కాని రావాలి. చూసి ఊరుకున్నవాళ్ళ పేర్లు ఆదివారం పూజ అయ్యాక అత్త తన గొంతుతో రికార్డు చేసి గ్రూపులో పెట్టేది. చర్చిలో చందాల పట్టీ చదివే గొంతు అది. పేరు వినపడ్డవాళ్ళు ఆ వారమంతా గుండెల మీద గుండెలు పెట్టేవారు.

మిగతావాళ్ళకి గుండెలు పెడితే సరిపోయేది. నాకు అలా కాదు. ఊళ్ళో ఉన్నది నేను కనక ప్రతిదీ నన్నే అడిగేవారు. రేవు నుంచి రోడ్డు బాగుందా. చర్చి హాలు పైకప్పు కారుతోందా. ఫలానా పిన్ని ఇంట్లో ఎంతమంది పడుకోవచ్చు, దోమతెర ఉందా. ఒకడైతే, పేరెందుకు గాని, తను చిన్నప్పుడు ఎక్కి పడ్డ కొబ్బరిచెట్టు ఇంకా ఉందో లేదో చూసి ఫొటో పెట్టమన్నాడు. వెళ్ళి చూశాను. చెట్టు ఉంది. వాడికి బుద్ధే లేదు.

ఆగస్టు పదకొండున ఆడవాళ్ళ బట్టల రంగు చర్చకు వచ్చింది. ఆకాశ నీలమా, సముద్ర నీలమా. ఆకాశ నీలం అన్నవాళ్ళు ఆక్లండ్, సముద్ర నీలం అన్నవాళ్ళు బ్రిస్బేన్. మధ్యలో అత్త, "తెలే బజారుకెళ్ళి రెండు గుడ్డలూ ఎండలో పెట్టి చూపిస్తుంది," అని నా తరఫున మాటిచ్చేసింది. నేను ఒక కంటితో చాప, ఒక కంటితో ఫోను చూస్తూ, కుడిచేత్తో నేస్తూ ఎడమచేత్తో గుండెలు పెడుతూ ఆ పొద్దంతా గడిపాను. సాయంత్రానికి నూట నలభై రెండు మెసేజ్‌లు. రంగు తేలలేదు.

మర్నాడు పొద్దున మా నేత ఇంటికి పెద్ద అయిన తావుసీలి పెద్దమ్మ నా చాప ఎడమ అంచు మీద వేలు పెట్టింది.

"ఇదేంటి తల్లీ, ఇక్కడ చాపకి మెడ పట్టేసిందా?"

వంగి చూశాను. ఒకటి మీదుగా, ఒకటి కిందుగా పోవాల్సిన చీలిక రెండేసి మీదుగా పోయింది. అంచున అరచెయ్యంత మేర వరసలు వంకర తిరిగాయి. విప్పి మళ్ళీ నేద్దామని మెల్లగా లాగాను. ఒక చీలిక విరిగింది. ఇంకొకటి విరిగింది. మూడోది విరిగాక చెయ్యి తీసేశాను.

"వదిలెయ్," అంది పెద్దమ్మ. "విప్పేకొద్దీ పోతుంది."

విరిగిన మూడు ముక్కలూ ఏరి గుప్పిట్లో పెట్టుకున్నాను. అమ్మ గోళ్ళు అరగదీసుకుని తీసిన చీలికలు. బట్టల రంగు కోసం విరిగాయి. అప్పుడే ఫోను మళ్ళీ మోగింది. ఏ నీలం తేల్చావని.

ఆ సాయంత్రం మా ఆయన ఫలానీకో టారో దుంపల కావడి దించుతూ నా ముఖం చూశాడు.

"ఆ చుక్కే కదే నీ ఏడుపు. ఆర్పెయ్యి."

"ఆర్పడానికి అదేమన్నా దీపమా?"

"ఆరుతుందట. రేవులో టికెట్లిచ్చే పిల్ల ఆర్పేసుకుంది. వాళ్ళ అత్తగారికి కనపడకుండా."

ఇద్దరం కూర్చుని ఫోనంతా వెతికి, అడగనివన్నీ నొక్కి, చివరికి చుక్క ఆర్పేశాం. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. పొద్దున్నే నేత ఇంటికి బయల్దేరబోతుంటే వాకిట్లో పాట వినపడింది. చావింట్లో పాడే పాట. బయటికొచ్చి చూస్తే మా చర్చి ఉపదేశి, వెనకాల నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ చేతిలో పెద్ద గిన్నెడు కోకో అన్నం. నన్ను చూడగానే పాట రెండో చరణంలో ఆగిపోయింది.

"బతికే ఉన్నావా?" అన్నాడు ఉపదేశి. ఆ గొంతులో కాస్త నిరాశ కూడా ఉంది.

"నాకేమైందని?"

"నావూపుగారు ఫోను చేశారమ్మా. రాత్రి నుంచి నీ చుక్క ఆరిపోయిందట. ఎంత పిలిచినా పలకడం లేదట. ముందు నువ్వెళ్ళు, తర్వాత నేను విమానం చూసుకుంటా అన్నారు."

వచ్చినవాళ్ళని నిలబెట్టి పంపలేం కదా. చాపలు పరిచి కూర్చోబెట్టి, వాళ్ళు తెచ్చిన కోకో అన్నం వాళ్ళకే వడ్డించి, నేను బతికున్నందుకు వాళ్ళు చేసిన ప్రార్థనకు ఆమెన్ చెప్పేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ రోజు ఒక్క వరస నేయలేదు. అత్తకు ఫోను చేస్తే, చావనందుకు సంతోషించడం పోయి నిలదీసింది.

"చావలేదు కదా, మరెందుకు ఆర్పావ్? మా మీద అలిగావా? మేం పరాయివాళ్ళమైపోయామా? మీ నాన్న ఉంటే ఇలా చేసేదానివా?"

చుక్క మళ్ళీ వెలిగించాను. ఏం చేయను.

నాలుగు రోజులు తిరగకుండానే ఆ చుక్కే నా కొంప ముంచింది. మా ఊళ్ళో సాయంత్రం గంట కొడితే సా, ఊరంతా కదలకుండా ప్రార్థన చేసే వేళ. గంటంటే నిజం గంట కాదు, చర్చి ముందు వేలాడే ఖాళీ గ్యాస్ సిలిండరు. మొదటి మోతకి అందరూ ఇంటికి చేరాలి. రెండో మోతకి ప్రార్థన మొదలు. మూడో మోత దాకా రోడ్డు మీద పురుగు కదలకూడదు. కదిలితే లుంగీలు బిగించుకుని కాపలా నిలబడ్డ కుర్రకారు ఆపేస్తారు, ఆనక పెద్దలు జరిమానా వేస్తారు. చిన్నప్పటి నుంచి ఆ ఇరవై నిమిషాలు నేను తప్పు చేసి ఎరగను. ఆ రోజు కూడా మొదటి మోతకే ఇంట్లో ఉన్నాను. ఫోను మాత్రం తెరిచినది తెరిచినట్టే చాప మీద పడి ఉంది.

మూడో మోత మోగాక అరగంటకి మౌగా బాబాయ్ వచ్చాడు. బిరుదు ఇంకా రాలేదు గాని నడక అప్పటికే మారింది.

"తెలే, సా వేళ ఫోను చూస్తున్నావట."

"ఎవరు చెప్పారు బాబాయ్?"

"అక్క చర్చి ఫోనుకి చేసి చెప్పింది. ప్రార్థన జరిగినంతసేపూ నీ చుక్క వెలుగుతూనే ఉందట."

"అంతసేపూ అత్త నా చుక్కనే చూస్తూ కూర్చుంటే అది తప్పు కాదా?"

"అక్కడ సా ఎక్కడుందే? అప్పటికి అక్కడింకా ఐదున్నరే," అన్నాడు బాబాయ్ ఎంతో శ్రద్ధగా. తర్వాత గొంతు తగ్గించి, "పెద్దలకి ఎవరైనా చెప్పేలోపు నేనే వెళ్ళి ఒక పెట్టె చేపడబ్బాలు ఇచ్చొచ్చాను. బిరుదు తీసుకునే ముందు మన ఇంటి మీద మాట రాకూడదు. ఇకనైనా జాగ్రత్తగా ఉండు," అన్నాడు.

చేయని తప్పుకి జరిమానా కట్టి వచ్చాడు. అంటే ఇప్పుడు ఊరంతా నేను తప్పు చేశాననే అనుకుంటారు. చుక్క ఆర్పితే చచ్చానంటారు, వెలిగిస్తే పాపం చేశానంటారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు విసిరేస్తూ తెలుసుకున్నాను. ఫలానీకో వెనకాలే గిన్నెలు ఏరి సర్దాడు.

మర్నాడు నేత ఇంట్లో తావుసీలి పెద్దమ్మ అంతా విన్నది. విన్నంతసేపూ చెయ్యి ఆపలేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, కళ్ళు మూసుకుని కూడా నేయగలదు.

"మీ బాబాయ్ సీమపనస చెట్టుకి ఏం కట్టి ఉంది?" అని అడిగింది చివరికి.

"తాపూయి. కొబ్బరాకు చేప."

ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికైనా అది తెలుసు. కాయ ముదిరేదాకా ఎవరూ కోయకూడదనుకుంటే చెట్టు సొంతదారు కొబ్బరాకుతో సూదిమూతి చేపను అల్లి కొమ్మకి వేలాడగడతాడు. కాదని కోసినవాణ్ణి ఆ చేప సముద్రంలో వెతుక్కుంటూ వచ్చి పొడుస్తుంది. ఫాదర్‌కి ఈ మాట నచ్చదు. ఫాదర్ ఇంటి వెనక మామిడిచెట్టుకి కూడా ఒకటి ఉంది.

"మీ అత్త కుడి పిక్క ఎప్పుడైనా చూశావా?" అంది పెద్దమ్మ.

"ఏదో మచ్చ ఉంది. చిన్నప్పుడు పడ్డానంది."

"పడిందా, పాడా. మేమిద్దరం ఒక ఈడువాళ్ళం. పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న తాపూయి కట్టిన చెట్టెక్కి రెండు కాయలు దింపింది. వద్దే అని నేను మొత్తుకున్నా. మూడో రోజు ఇద్దరం దీపం పట్టుకుని పగడపు దిబ్బ మీద నడుస్తున్నాం. నీళ్ళలోంచి సూదిమూతి చేప లేచి సూటిగా వచ్చి దాని పిక్కలో దిగింది. ముక్కు విరిగి లోపలే ఉండిపోయింది. ఊరంతా వినపడేలా ఏడ్చింది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా నావూపు దేవుడికి భయపడుతుంది, ఆ చేపకి ఇంకొంచెం ఎక్కువ భయపడుతుంది."

నేను చాప మీంచి చెయ్యి తీశాను.

"చెట్టుకి కడతారు పెద్దమ్మా. ఫోనుకి ఎవరైనా కడతారా?"

"ముదిరేదాకా ముట్టకూడనిది చెట్టు మీదే ఉండాలని ఎక్కడ రాసుంది? నీ చాప కాయ కాదా?"

చేప అల్లడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. పొడుగు ముక్కు, రెండు రెక్కలు, చీలిన తోక. దాన్ని అమ్మ పేనిన కొబ్బరినారతో ఫోను చుట్టూ కట్టాను. ఫొటో తీయాలంటే వేరే ఫోను లేదు కనక పెద్దమ్మ గోడ మీది అద్దం దింపి నా ముందు పట్టుకుంది. ఆ ఫొటో గ్రూపులో పెట్టి, కింద రాశాను. ఈ ఫోను మీద తాపూయి ఉంది. చాప పూర్తయ్యేదాకా దీన్ని ఎవరూ ముట్టకూడదు, నేనూ ముట్టను. ఎవరి ప్రాణం మీదికైనా వస్తే చర్చి ఫోనుకి చేయండి.

మొదట పలికింది బ్రిస్బేన్‌లో ఉన్న లోయిమాతా, మా చిన్నాన్న కూతురు. దాని నోటికి తాళం లేదు. "అక్కా, ఆ చేపకి ఆస్ట్రేలియా వీసా ఉందా? లేకపోతే సరిహద్దులోనే ఆపేస్తారు," అని రాసింది. వెనకాలే ఇరవై ముప్ఫై నవ్వు ముఖాలు, చేప బొమ్మలు. నేను అత్త కోసం చూశాను. అత్త చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. ఒక నిమిషం, ఐదు నిమిషాలు, పావుగంట. మెసేజ్ చూసి మా అత్త ఊరుకోవడం అదే మొదటిసారి. ఆ ఆదివారం ఆవిడ పేరు ఆవిడే చదువుకోవాలి.

ఫోనును అమ్మ బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఆకు చుట్టలు వేలాడిన వాసానికే వేలాడగట్టాను.

ఆ తర్వాత మూడు వారాలు నేను నేసినట్టు నా జీవితంలో ఎప్పుడూ నేయలేదు. పొద్దున వెళ్ళి కూర్చుంటే మళ్ళీ తలెత్తేది ఎండ ముంగిట్లోకి వచ్చాకే. వేళ్ళు తమ దారిన తాము పోయేవి. ఒకటి మీదుగా, ఒకటి కిందుగా. చీలికలో ఒక్కోచోట అమ్మ గోటి గీత తగిలేది. నా పక్కనే కూర్చున్న ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ ఏం మాట్లాడుకుంటున్నారో అప్పుడు విన్నాను. సగం నా గురించే.

నాలుగో వారంలో దురద మొదలైంది. చేతులు చాప మీద ఉండగానే మనసు డబ్బా వైపు పోయేది. అత్తకి ఒంట్లో బాగుందా. బట్టల రంగు ఏం తేల్చారు. ఊరి సంగతులు ఎవరిని అడుగుతున్నారు. నేను లేకుండా నడుస్తోందా. నడుస్తుంటే ఇన్నాళ్ళూ నన్నెందుకు చంపుకుతిన్నారు? నడవకపోతే ఎవరైనా చర్చికి ఫోను చేయాలి కదా? దారిలో రెండుసార్లు ఉపదేశిని ఆపి అడిగాను. ఎవరూ చేయలేదమ్మా అన్నాడు.

అక్టోబరులో ఒక పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు డబ్బా దింపాను. చేప ఎండి గోధుమ రంగుకి వచ్చింది. ముడి విప్పి, కాస్త చార్జింగ్ పెట్టి ఫోను తెరిచాను. గ్రూపులో చివర ఉన్నది లోయిమాతా వీసా జోకు, దాని కింద చేప బొమ్మలు. ఆ కింద ఏమీ లేదు. నెలన్నర దాటినా ఒక్క మెసేజ్ లేదు. బతికున్నావా అని అడిగినవాళ్ళు లేరు.

నేను అడిగింది ఇదే కదా. మరెందుకు అంత ఒళ్ళు మండిందో నాకే తెలియలేదు. నన్ను వెలేసి వేరే గ్రూపు పెట్టుకుని ఉంటారు. నూట పదిహేడు మంది నీలం బట్టలేసుకుని నా గురించి నవ్వుకుంటూ ఉంటారు. ఫోనుని నేత ఇంటికి పట్టుకెళ్ళి, మోకాలి పక్కన పెట్టుకుని, తెర ఆరిపోకుండా మాటిమాటికీ వేలితో తడుతూ కూర్చున్నాను. నా చుక్క వెలుగుతోంది. చూడండి. ఇంతమందిలో ఒక్కరైనా చూసి ఏమే అనండి. మధ్యాహ్నం దాకా ఎదురుచూశాను. ఎవరూ ఏమే అనలేదు.

తావుసీలి పెద్దమ్మ ఫోను వంక చూసింది, నా వంక చూసింది. లేచి వెళ్ళేటప్పుడు నా చాప కుడి అంచు మీద వేలు పెట్టి రెండుసార్లు తట్టింది. అక్కడ అరచెయ్యంత మేర వరసలు వంకర తిరిగి ఉన్నాయి. ఈసారి విప్పే ప్రయత్నం కూడా చేయలేదు. ఇంటికెళ్ళి కొత్త చేప అల్లి, ఫోనుకి రెండు ముడులు వేసి, డబ్బాలో పెట్టి, నిచ్చెన పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను.

నవంబరు చివరి వారంలో చాప పూర్తయింది. అంచుకి ఎర్ర ఈకలు కట్టాను. పదకొండు చుట్టల్లో తొమ్మిది చీలికలు మిగిలాయి. బయటి ఆకు ఒక్కటి కూడా కలవలేదు.

డిసెంబరులో రెండు పడవల నిండా మా వాళ్ళు దిగారు. సగం మంది ఆకాశ నీలం, సగం మంది సముద్ర నీలం. లోయిమాతా నన్ను చూడగానే, "అక్కా, చేప ఎక్కడ, కరుస్తుందా?" అంటూ వచ్చి కౌగిలించుకుంది. అత్త మాత్రం నా చెంప మీద ముద్దుపెట్టి, మంచినీళ్ళు కూడా తాగకుండా, చాప ఏదని అడిగింది.

బిరుదు ఇచ్చే పొద్దున నేత ఇంట్లో అత్తా నేనూ మాత్రమే ఉన్నాం. చాప పరిచాను. అత్త మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో దాన్ని నిమురుతూ ఈ చివర నుంచి ఆ చివరికి జరిగింది. పెద్దవాళ్ళు చాపను కళ్ళతో చూడరు. ఆవిడ వేళ్ళకి కూడా అమ్మ గోటి గీతలు తగులుతున్నాయని ముఖం చూస్తే తెలిసింది. ఎడమ అంచు దగ్గర చెయ్యి ఆగింది.

"ఇదేంటే?"

"అది ఆగస్టు పదకొండు, అత్తా. బట్టల రంగు తేల్చిన రోజు. నూట నలభై రెండు మెసేజ్‌లు."

"విప్పలేకపోయావా?"

"విప్పాను. అమ్మ ఆకు మూడు చోట్ల విరిగింది."

అత్త ఆ వంకర మీద బొటనవేలు ఇటూ అటూ తిప్పింది. తర్వాత చెయ్యి మళ్ళీ కదిలింది, మెల్లగా, కుడి అంచు దాకా.

"మరి ఇది? ఇది కూడా మేమేనా?"

అవునంటే సరిపోయేది. ఎవరు లెక్క చూడొచ్చారు. నెలల తరబడి నన్ను కాల్చుకుతిన్నదానికి ఆ ఒక్క అబద్ధం చెల్లుకి చెల్లు అయ్యేది. నోటి దాకా వచ్చింది కూడా.

"కాదు. అది నేనే. అక్టోబరులో ఒక రోజు తాపూయి విప్పి చూశాను. ఆ రోజు ఒక్క మెసేజ్ కూడా లేదు."

"తెలుసు," అంది అత్త.

"ఏం తెలుసు?"

"ఆ రోజు నీ చుక్క వెలిగింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. చూస్తూనే కూర్చున్నా." లుంగీ అంచు మోకాలి కిందికి లాక్కుంది. "అందరికీ విడివిడిగా ఫోన్లు చేసి చెప్పాను, దాని ఫోను జోలికి ఎవరైనా వెళ్ళారో కాళ్ళు విరగ్గొడతానని. వాళ్ళందరికీ చెప్పి నేనే ఎలా రాస్తానే? రెండుసార్లు రాశాను. రెండుసార్లూ చెరిపేశాను. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే, మాట్లాడే దిక్కు లేదు. ఇక్కడ మీ ఇంట్లో ఎవరో ఒకరు మేలుకుని ఉన్నారని తెలిస్తే అదే చాలు నాకు. గుండెలూ అక్కర్లేదు, ఫొటోలూ అక్కర్లేదు."

"మరి ఆదివారం పేర్లెందుకు చదివేదానివి?"

"పేర్లు చదివితేనే కదే మీరు పలుకుతారు."

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండిట్లో ఏది ముందు బయటపెట్టాలో తేల్చుకునేలోపే బయట మైదానంలో వక్త గొంతు లేచింది, బాబాయ్ పేరు పిలిచాడు. చాప తెమ్మని ఆడవాళ్ళు కేకేశారు. అత్త సంచీలో ఫోను గిజగిజలాడింది. ఆవిడ సంచీ వైపు చూసింది, దాన్ని కాలితో గోడ పక్కకి తోసింది. లేచి చాప ఎడమ పక్కకి వెళ్ళి, ఆ వంకర మీద అరచెయ్యి వేసి అంచు గట్టిగా పట్టుకుంది.

"చూస్తూ నిలబడ్డావేం? నాది నేను పట్టుకున్నా. నీది నువ్వు పట్టుకో."

నేను కుడి పక్కకి వెళ్ళి నాది పట్టుకున్నాను. ఇద్దరం చాపను ఎత్తి ఎండలోకి తీసుకెళ్ళాం. మైదానం నిండా ఆడవాళ్ళు లేచి నిలబడి చాపను మెచ్చుకుంటూ గొంతెత్తి అరిచారు. గ్రూపు గ్రూపంతా ఫోన్లు ఎత్తి వీడియో తీస్తోంది. మా ఇద్దరికీ మాత్రం చెయ్యి ఖాళీ లేదు.